దండ లేని ఫొటో

నవంబరు 2

రామన్నపేట నుంచి ఇప్పుడే వచ్చాను. సమాధుల పండుగ. బట్టల నిండా సున్నం, మైనం. కాళ్లు లాగుతున్నాయి. వండే ఓపిక లేదు. అటుకుల్లో పెరుగు కలుపుకొని తిన్నాను.

పొద్దున్నే పేపరు ఆఫీసు నుంచి ఆదివారం డెస్కు సారు ఫోన్. ఎవరో మెక్సికో ఫొటోలు పంపారట. అక్కడ కూడా ఈ రోజుల్లోనే చనిపోయినవాళ్లకు పండుగ. ఇంట్లో మెట్లు మెట్లుగా బల్లలు వేసి, ఫొటోలు పెట్టి, వాళ్లకు ఇష్టమైనవన్నీ వండి ముందు పెడతారు. ఇంటి దారి తెలియడానికి బంతిపూలు చల్లుతారు. "మనకు గూడ గట్ల రంగులు కావాలమ్మా. నల్గొండ, పాలమూరు అంతా తిరుగు. సమాధులు, ఖబరస్తాన్లు, ఇండ్లు — అన్నీ తియ్యి. పోయిన పెద్దలకు బియ్యమిచ్చే పెత్రమాసకు పెద్ద పేజీ ఏద్దాం." సరే అన్నాను. నేనెప్పుడు దేనికి కాదన్నాను గనుక.

రంగులకేం, ఇక్కడా బంతిపూలే. మరియమ్మ అనే పెద్దావిడ గంప నిండా తెచ్చింది. భర్త సమాధికి తనే సున్నం వేసింది, నీలం రంగుతో పేరు తనే దిద్దింది. పక్కన కొంచెం జాగా వదిలి ఉంటే ఏమిటని అడిగాను. "నాదే బిడ్డా. ఇంకెవలది?" అంది, బస్సులో సీటు పట్టుకున్నంత మామూలుగా.

నేను వెలుతురు కోసం ఆగుతుంటే విసుక్కుంది. "ఫొటో దింపుతె జల్ది దింపు. గాలి లేస్తాంది. కొవ్వొత్తులు ఆరిపోతె మల్ల ముట్టియ్యాలె." ఆ తర్వాత సమాధి మీద చేయి వేసి కూర్చొని, కోడలి మీద చాడీలన్నీ భర్తకు చెప్పింది. పేరు పేరునా. నాకు నవ్వొచ్చింది. వెనకాలే అసూయ వేసింది, నిజంగానే. చాడీలు చెప్పుకోవడానికైనా ఆమెకు ఒక జాగా ఉంది.

నవంబరు 3

ఫొటోలు పంపాను. సారు దగ్గర్నుంచి పైకెత్తిన బొటనవేలి బొమ్మ వచ్చింది. అంతే.

నవంబరు 17

కొత్తకోట నుంచి అమ్మ ఫోన్. ప్రతి ఆదివారం అడిగేదే అడిగింది. "పేపరోళ్లందరు నీకు ఎరుకే గద బిడ్డా. పూణె దిక్కు ఎవలన్న కొత్తోళ్లు తెలిసిన్రా?" తెలిస్తే చెబుతానన్నాను. పోయిన ఆదివారమూ ఇదే చెప్పాను.

బాపు తెలంగాణ వచ్చిన ఏడే పోయాడు. పూణెలో బిల్డింగు పనికి. మా ఇంటి ముందర హైవే మీదే బస్సెక్కాడు. దసరాకు వస్తనన్నాడు. కూడా పోయినవాళ్లు దసరాకు వచ్చారు. "ఇంకో మేస్త్రితోటి ఏరే సైటుకు పోయిండు, వస్తడు" అన్నారు. తర్వాత ఫోను మోగడం ఆగిపోయింది. నేనూ తమ్ముడు శ్రీనూ పూణె పోయి ఠాణాలు, దవాఖానాలు, శవాల గదులు, రైల్వే స్టేషన్లు అన్నీ చూశాం. ఒక్కచోట కూడా లేడు. ఉన్నాడని లేదు, పోయాడని లేదు.

తెలిసిందే మళ్లీ ఎందుకు రాస్తున్నానో. రాస్తే తేలికవుతుందేమో అని. కాలేదు.

డిసెంబరు 11

జ్వరం. కెమెరా బ్యాగు మూల పడి ఉంది. దాని వైపు చూడను.

జనవరి 9

భువనగిరి స్టూడియోలో చనిపోయినవాళ్ల దినాలకు ఫ్లెక్సీలు చేసిచ్చే పని. పేపరు పని ఒక్కదానితో కిరాయి ఇల్లు గడవదు. ఇవాళ ఒకాయన ఫొటోకు కంప్యూటరులో సూటు తొడిగించాను. బతికుండగా పంచె తప్ప ఏదీ కట్టలేదట. "సూటు పెట్టు మేడం, టై గూడ పెట్టు" అని కొడుకులు. పెట్టాను. మెడ కుదరలేదు. ఆయన కూడా ఎవరో మెడ పట్టుకున్నట్టు చూస్తున్నాడు.

జనవరి 26

నాలుగైదు ఊళ్లు తిరిగాను, ఇళ్లలో గోడల కోసం. అన్నీ ఒకటే. తాత, అవ్వ, పెదనాయిన వరుసగా. బొట్టు పెట్టిన అద్దం. దండ. కింద చిన్న ఎర్ర బల్బు. చూసీ చూసీ కంటికి ఆనడం మానేశాయి. దండ ఉందా లేదా అని చూడను, ఉంటుందంతే.

మా గోడ ఒక్కటే వేరు. తాతకు దండ, అవ్వకు దండ, పెద్దబాపుకు దండ. చివర్న బాపుకు లేదు. నేను స్టూడియోలో పని నేర్చుకునే రోజుల్లో తీసిన ఫొటో — ఎండకు కళ్లు చిట్లించి ఉంటాడు. అమ్మ రోజూ కొంగుతో తుడుస్తుంది, బొట్టు మాత్రం పెట్టదు. ఇంటికి పోయిన ప్రతిసారీ నా కన్ను అక్కడికి పోయి ఆగుతుంది.

ఫిబ్రవరి 13

షబే బరాత్. భువనగిరి ఖబరస్తాన్. ఆడవాళ్లు లోపలికి రారు కాబట్టి ప్రహరీ ఇవతల నుంచే, ఎండ తగ్గాక. గుట్ట నీడ సగం సమాధుల మీద పడింది. గులాబీ రెక్కలు, అగరొత్తులు, బక్కెట్లతో నీళ్లు. పిల్లలకు కొత్త టోపీలు.

మా సందు చివర సైకిల్ షాపు రహీం భాయ్ లోపల కనిపించాడు. ఒక సమాధి మీద పూలు చల్లి, పక్కదాని మీద చల్లి, ఇంకోదాని మీద చల్లి... బయటికి వచ్చాక అడిగాను, ముగ్గురూ మీవాళ్లేనా అని. "నై మేడం. మా దాదా ఒక్కడే. గా మూడిట్ల ఏదో ఒకటి. వానలకు కుంగిపోయినయ్, గుర్తు దొరుకుతలేదు. అందుకె మూడిటికీ ఏస్త. పూలు ఒద్దని ఎవలంటరు?"

పూలు తప్పుచోట పడితే నష్టం లేదు. ఆయన అదృష్టం.

వచ్చేటప్పుడు ఆయనే అడిగాడు. "మీరు ఎప్పుడు చేస్తరు మీ పెద్దలకు?" పెత్రమాసకు, బతుకమ్మ మొదలయ్యే రోజే అన్నాను. "పొద్దున సచ్చినోళ్లకు, సాయంత్రం పూలపండుగ. మంచిగనే ఉంది" అన్నాడు. అవును, మంచిగనే ఉంటుంది, లెక్క తేలిన ఇళ్లలో.

మార్చి 30

ఉగాది. నిద్రపోయాను రోజంతా.

జూన్ 22

శ్రీను ఫోన్. గొంతు బాగాలేదు. బాపు కలలోకొచ్చాడట. వాకిట్లో నిలబడి మంచినీళ్లు అడిగాడట, శ్రీను చెంబు తెచ్చేసరికి లేడట. పోయిన నెలా ఇదే కల.

"ఆకలైతాందేమో అక్కా ఆయనకు. అందరి బాపులకు బియ్యం ముడుతున్నయ్. మన బాపుకు ఎవలిస్తరు? నేను కొడుకునై ఉండి..." ఆపేశాడు. ఈ పెత్రమాసకు బాపు పేరు మీద కూడా ఇద్దాం అంటాడు. అమ్మతో నువ్వే మాట్లాడు అంటాడు.

మాట్లాడతానన్నాను. కాదనడం రాదు కదా.

జూన్ 29

మాట్లాడాను. ఫోనులోనే. అమ్మ వెనక హైవే మీది లారీల చప్పుడు వినిపించింది. తర్వాత —

"పోయినోనికి పెట్టకపోతె ఆకలైతది, నిజమే. మరి బతికున్నోనికి పెడితే? ఆయుష్షుకు దెబ్బ గాదా? ఏడనో కూలి చేసుకుంట బతుకుతున్నోన్ని నేనే చంపుకోవాల్నా?"

శ్రీను చెప్పింది నిజమే అనిపించింది. అమ్మ చెప్పిందీ నిజమే అనిపించింది.

ఇంకో మాట కూడా ఉంది, అమ్మ అనదు గానీ. మా వాడలో మొగుడు పోయిన ఆడది బతుకమ్మ ఎత్తదు. పొద్దున బాపు పేరు మీద బియ్యం ఇస్తే, సాయంత్రం అమ్మ ఇంట్లో కూర్చోవాలి. వాడలో అందరికన్నా పెద్ద బతుకమ్మ అమ్మదే. గునుగు పూలు రంగులో ముంచి ఆరబెట్టడం దగ్గర్నుంచి ఎవరినీ ముట్టనివ్వదు. ఆ ఒక్క రోజు ఆమె మొఖమే వేరు.

జులై 18

వాన. లెన్సులో తేమ. బియ్యం డబ్బాలో పెట్టాను.

ఒక మాట రాసుకోవాలి, ఎవరికీ చెప్పలేనిది. చనిపోయాడని తెలిస్తే బాగుండు అనిపిస్తుంది ఒక్కోసారి. ఏడ్చి, బియ్యం ఇచ్చి, దండ వేసి, పడుకోవాలని ఉంది.

ఆగస్టు 24

కొత్తకోట. అమ్మ పత్తిలో కలుపుకు పోయింది, వద్దంటే వినదు. డెస్కు సారు వారం నుంచి ఒకటే పోరు. సమాధులు బాగున్నాయి, ఖబరస్తాన్ బాగుంది, ఇంట్లో గోడ ఒక్కటి కావాలి. నేను పంపిన గోడలన్నిటిలోనూ పక్కన టీవీయో, కూలరో, పార్టీ క్యాలెండరో వచ్చాయట.

మా గోడ సున్నం గోడ. పక్కన ఏమీ లేదు. సరే, ఇదే తీస్తే పోలేదా అనుకున్నాను. ఇంకో ఊరు తిరిగే ఓపిక లేదు. వాకిట్లో దండేనికి తెల్ల దుప్పటి కట్టి వెలుతురు లోపలికి మళ్లించాను. దుప్పటి గాలికి లేస్తుంటే రాళ్లు కట్టాను. లోపల మా మరదలు, శ్రీను భార్య సుజాత ఫొటోలు తుడిచి సర్దింది. నేను పోయి తీశాను. ఐదు నిమిషాల పని.

చాలా రోజుల తర్వాత ఒక ఫ్రేము నిండుగా వచ్చింది. ఎక్కడా కన్ను ఆగలేదు. అప్పుడే ఫోను నుంచి పంపేసి, నాలుగు గంటల బస్సుకు తిరిగి బయలుదేరాను. అమ్మను చూడకుండానే.

సెప్టెంబరు 14

పేజీ వచ్చింది. నా పేరు పెద్దగా వేశారు. మా గోడ సగం పేజీ.

చాయ్ తాగుతూ చూశాను. ముందు మురిసిపోయాను. తర్వాత చాయ్ చల్లారిపోయింది.

బాపు ఫొటోకు దండ ఉంది.

అదే దినం

ఫొటో కింద వాక్యం: 'గోడపై కొలువైన పెద్దలు. కొత్తకోటలో ఓ ఇంట్లో.' తీసినవన్నీ కంప్యూటరులో పెద్దవి చేసి చూశాను. అన్నిట్లో ఉంది. నేను తీసిన ప్రతిదాంట్లో. కన్ను ఆగలేదని నేనే రాసుకున్నాను, ఈ డైరీలోనే. దండ లేకపోతే కదా ఆగేది.

సుజాతకు ఫోన్ చేశాను. ఏడుస్తోంది. "ఫొటోల పడుతది గద, గదొక్కటి బోసిగుంటె ఎట్లుంటదని ఏసిన వదినా. ఫొటో వరకే అనుకున్న. అత్తమ్మ వచ్చేవరకు తీసిపెట్టిన. నువ్వు చూసినవనుకున్న." నేను కూడా చూశాననుకున్నాను సుజాతా.

కొత్తకోట వాట్సాప్ గ్రూపులో ఆ కటింగు పెట్టారట ఎవరో. కింద బాపుకు అందరూ చేతులు జోడించిన బొమ్మలు. 'కిష్టయ్యన్నకు జోహార్లు.' 'ఎప్పుడు జరిగింది?' 'మంచి మేస్త్రి.' శ్రీను ఒక్కొక్కరికీ ఫోన్ చేసి ఏం చెబుతున్నాడో, వాడికీ తెలియదు.

సెప్టెంబరు 15

తెల్లారకముందే బస్సు. ఉప్పల్, ఆరాంఘర్, కొత్తకోట. నిలబడే వచ్చాను.

అమ్మ గడప మీద కూర్చొని గునుగు పూలు ఏరుతోంది. నన్ను చూసి లేవలేదు. పేపరు పక్కనే ఉంది, మడతపెట్టి. ఎవరో చదివి వినిపించి ఉంటారు. "దండ ఎవలేసిన్రు?" అంది. సుజాత తలుపు వెనక నిలబడింది. నేనే చూసుకోలేదమ్మా, అన్నాను.

అమ్మ ఏరిన పూలు పక్కన పెట్టి — "ఫొటో మంచిగొచ్చింది. మీ బాపు మంచిగ కనబడుతాండు."

తిట్టి ఉంటే బాగుండేది.

సెప్టెంబరు 16

డెస్కు సారుకు ఫోన్ చేశాను, సవరణ వేయాలని. విషయం చెప్పాను. పాపం, మంచిగానే విన్నాడు.

"ఏమని ఏయమంటవమ్మా? బతికే ఉన్నడనా? కాయిదం ఏమన్న ఉన్నదా?"

లేదు.

"మరి పోయిండని ఏమన్న..."

అదీ లేదు.

"మరి దేన్ని సవరించాలె?"

రెండు లైన్లు రాసి పంపు, వేస్తా అన్నాడు. కూర్చున్నాను. 'గత ఆదివారం ప్రచురించిన ఫొటోలో చివరి వ్యక్తి...' దగ్గర ఆగింది. ఇన్నేళ్లుగా ఫొటోల కింద వాక్యాలు రాస్తున్నాను. మా బాపు గురించి ఒక్క వాక్యం పూర్తి చేయడం రాలేదు. పంపలేదు.

సెప్టెంబరు 17

మల్లయ్య మామ వచ్చాడు. అమ్మకు అన్న. వాళ్ల ఊళ్లో ఎవరో పేపరు చూపిస్తే, ఎవరికీ ఫోన్ చేయకుండా నేరుగా వచ్చేశాడు. వాకిట్లోనే కూలబడి ఏడ్చాడు. చేతిలో సంచి. అందులో తెల్ల చీర. మొగుడు పోతే పుట్టింటివాళ్లు తేవలసింది. ఆ ముసలాయన తప్పేం లేదు, తన వంతు పని చేయడానికి వచ్చాడు.

అమ్మ లేచి చాయ్ పెట్టింది. చక్కెర ఎక్కువ వేసింది, ఆయనకు ఇష్టమని. తాగేదాకా ఆగింది. "అన్నా, తెచ్చినవ్, సంతోషం. సంచిల పెట్టుకో. గడప దాటి లోపలికి తేకు." మామ ఏదో అనబోయాడు. "ఇన్నేండ్లాయె చెల్లె, ఇంకెన్నేండ్లు..." అమ్మ గ్లాసు తీసుకొని లోపలికి పోయింది.

బస్సు దాకా నేనే పోయాను. మామ సంచిని ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. "నువ్వన్న చెప్పు బిడ్డా. సదువుకున్నదానివి."

సెప్టెంబరు 19

శుక్రవారం. పక్కింటి లక్ష్మి కుంకుమ భరిణె పట్టుకొని వచ్చింది, మనవరాలికి చెవులు కుట్టించారట. సుజాతకు పెట్టింది. నాకు పెట్టింది. అమ్మ దగ్గరికి వచ్చేసరికి చేయి ఆగింది. ఒక్క క్షణమే. తర్వాత పెట్టింది, మామూలుగానే. కానీ ఆగింది. అమ్మ చూసింది.

సాయంత్రం శ్రీనూ అమ్మా వాదించుకున్నారు. వాదన అనాలా, ఇద్దరూ మెల్లగానే మాట్లాడారు. "ఊరంత ఎరుకైంది అమ్మా. ఇంకేముంది దాసనీకి. ఇత్తాం ఈసారి." "ఊరు పేపర్ల చూసింది. నువ్వు చూసినవా ఆయన్ని, పానం పోంగ?" "లేదు." "మరి?" "ఉన్నడని నువ్వు చూసినవా?" వాడు బయటికి పోయి బండి మీద కూర్చున్నాడు, స్టార్ట్ చేయకుండా. కళ్లు తుడుచుకుంటున్నాడు. వాడికి బాపు ఆకలే కనబడుతోంది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియడం లేదు నాకు.

సెప్టెంబరు 20

సుజాతా నేనూ తంగేడు పూలకు పోయాం, హైవే దాటి అటు బీడు భూముల్లోకి. రెండు సంచులు. దారిలో ఎవరూ పలకరించలేదు అనిపించింది. పలకరించే ఉంటారు, నా మనసే బాగాలేదు.

అమ్మ గునుగు పూలకు రంగులు వేసింది. గులాబీ, ఆకుపచ్చ. చేతులకు ఆ రంగే. చేస్తోంది గానీ పండుగ మొఖం లేదు. రేపు ఎత్తుతావా అని అడగలేకపోయాను.

కెమెరా బ్యాగు తెరవలేదు. సారు మెసేజ్ — 'పెత్రమాస మీ ఇంట్లో తీస్తే మంచి ఫాలోఅప్ అవుతుంది.' ఈసారికి కాదు సార్ అని పెట్టాను. కాదనడం వచ్చిందన్నమాట. పెద్ద సంతోషమేమీ కలగలేదు.

సెప్టెంబరు 21

పెత్రమాస. పొద్దున బియ్యం తీసుకునే జంగమయ్య వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. శ్రీను విస్తర్లు పరిచాడు. బియ్యం, పప్పు, చింతపండు, బీరకాయ, సొరకాయ ముక్క. నాలుగు విస్తర్లు. అమ్మ వచ్చి చివరి విస్తరిని తీసి మడిచింది. గొడవ చేయలేదు. దుమ్ము దులిపినట్టు తీసింది.

జంగమయ్య కూడా పేపరు చూశాడు. అన్ని ఇళ్లలోకి పోయేవాడు, తెలియకుండా ఎట్లుంటుంది. "ఎవలెవలి పేర్లు తల్లీ? కిష్టయ్య పేరు గూడ..."

"ముగ్గురివే చెప్పు అయ్యా."

"మరి గాయన?"

"గాయినకు నేను వండుకుంట."

శ్రీను తలెత్తలేదు. తాత పేరు, అవ్వ పేరు, పెద్దబాపు పేరు చెప్పాడు. నీళ్లు వదిలాడు.

మధ్యాహ్నం అమ్మ నిజంగానే వండింది. జొన్నరొట్టె, చుక్కకూర పప్పు, వట్టిచేపల పులుసు. ఆ పులుసు బాపు సోమవారాలు కూడా మానకుండా తినేవాడు. కంచంలో పెట్టి ఫొటో కింద పీట మీద పెట్టింది. ఇస్తోందే, అనుకున్నాను. ఒప్పుకుంది అనుకున్నాను. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. శ్రీను వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

అమ్మ ఇంకో కంచం తెచ్చి దాని మీద మూత పెట్టింది.

పెద్దలకు పెట్టినదాని మీద ఎవరూ మూత పెట్టరు. వాళ్లు వచ్చి తినాలి కదా. ఇన్ని ఇళ్లు తిరిగాను, ఎక్కడా మూత చూడలేదు. మూత పెట్టేది పనికి పోయి రావలసిన మనిషికి. ఇంతకు ముందు ఏ పెత్రమాసకూ అమ్మ ఇట్లా చేయలేదు. శ్రీను ఆ మూత వైపు చాలాసేపు చూశాడు. చెంబుతో మంచినీళ్లు తెచ్చి పక్కన పెట్టాడు.

అదే దినం, పొద్దుగూకేటప్పుడు

గదిలో కూర్చొని రాస్తున్నాను. అమ్మ బతుకమ్మ పేర్చింది. అయిపోయింది. పైన గౌరమ్మను కూడా పెట్టింది. పోయిన ఏటికన్నా పెద్దది. దాన్ని ముందు పెట్టుకొని కూర్చుంది, గడప ఇవతల.

వాడ ఆడవాళ్లు బతుకమ్మలు పట్టుకొని మా ఇంటి ముందుకే వచ్చారు. ప్రతి ఏడూ లక్ష్మి అమ్మను కేకేసేది, "ఓ బాలమ్మా, అయ్యిందా లేదా" అని. ఇవాళ వచ్చి నిలబడ్డారు. పిలవడం లేదు. పోవడమూ లేదు. పిలిస్తే ఏమవుతుందో, పిలవకపోతే ఏమవుతుందో వాళ్లకూ తెలియదు పాపం. సుజాత నా వైపు చూస్తోంది.

అమ్మ వాళ్లను చూడటం లేదు. ఫొటో కిందికి చూస్తోంది.

"అరుణా" అని పిలిచింది ఇప్పుడే. "గన్ని సమాధులు చూసినవ్. గన్ని ఇండ్ల గోడలు చూసినవ్. నాకైతే సమజ్ కాలే. అన్నం సల్లగైంది. నువ్వు చెప్పు బిడ్డా. మూత తియ్యాల్నా? మల్ల ఉడుకు చెయ్యాల్నా?"

మూత తీస్తే అమ్మ ఈ బతుకమ్మ ఎత్తదు. ఇంకా చెప్పలేదు. పెన్ను చేతిలోనే ఉంది. బయట ఒకరిద్దరు చప్పట్లు మొదలుపెట్టి ఆపారు.